కనకవ్వ గడప మీద లైటు

డిసెంబరు 2

క్రిస్మస్‌కు లైట్లు పెట్టే ప్రతి ఇల్లూ ఏ రోజు ఏం వెలిగించిందో రాసి కమిటీకి ఇవ్వాలట. మా ఆయన దానియేలుకు వేళ్లు వంగవు. మా మరిది తీతుకు ఓపిక లేదు. అందుకని నేను రాస్తున్నాను.

ఈ రోజు వచ్చినవి: షార్పీలు ఆరు, రంగుల పార్ లైట్లు ఒక గోనెసంచి నిండా, పొగ మిషను ఒకటి. పైన ఎప్పుడో మూతపడిన ఫంక్షన్ హాలు నుంచి తీతు వీటిని లిఫ్టులో కిందికి దింపాడు. షార్పీ అంటే మెడ తిప్పే లైటు. వెలుగును స్తంభంలా చేసి ఎటు కావాలంటే అటు విసురుతుంది. ఒకప్పుడు పెళ్లిళ్లలో డీజే పక్కన పెట్టేవాళ్లట. మూత విప్పితే లోపల బొద్దింకల పెంట, కుళ్లి ఎండిన బంతిపూల రెక్కలు, పైన ఎవరో తాగి కక్కిన మరక. సబ్బునీళ్లతో తుడిచాను. బట్ట ఎన్నిసార్లు పిండినా నల్లటి జిగురు వస్తూనే ఉంది. ప్రభువు పుట్టినరోజుకు ఇవి పెట్టాలా అనిపించింది. పైకి అనలేదు.

బట్ట ఆరేయడానికి షాఫ్టు దాకా నడిచాను. గని లోపల మా ఏడో లెవెల్లో ఏదీ ఆరదు. పైనుంచి వేడిగాలి దిగేది అక్కడొక్కచోటే. షాఫ్టు మొదట్లో నాలుగు ఇళ్లు ఉన్నాయి. వాటి పైకప్పులో ఎండ గొట్టాలు. రోజూ కాసేపు అద్దాల మీద నుంచి నిజమైన ఎండ గదిలో పడుతుంది, నేల మీద కాల్చినట్టు మనిషిని కాల్చకుండా. అందులో ఒక ఇల్లు ఖాళీ అయింది. ఈ క్రిస్మస్‌కు ఎవరి లైట్ల ముందు ఎక్కువమంది నిలబడతారో ఆ ఇల్లు వాళ్లదేనని కమిటీ చెప్పింది.

దానియేలు ఎముకలు మెత్తబడ్డాయి. మందులు వేసి లాభం లేదు, ఎండ తగలాలని డాక్టరు చెప్పి ఏడాదైంది. తీతు ఈ చెత్తనంతా మోసుకొచ్చింది అందుకే. అన్న మీద ప్రేమే. కాదనను.

డిసెంబరు 5

షార్పీలకు నంబర్లు ఇచ్చాను. గని దీపాలు సరిచేసే ల్యాంప్ రూంలో పనిచేసిన దాన్ని కాబట్టి, లైట్లను నడిపే బోర్డు ముందు నన్నే కూర్చోబెట్టారు. ఒక్కో లైటుకు మెడ తిప్పడానికి ఒక నంబరు, తల ఎత్తడానికి ఒకటి, రంగుకు ఒకటి, టపటప కొట్టుకోవడానికి ఒకటి. సాయంత్రమంతా ఆరూ చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. చివరి లైటు వెనక పెట్టాల్సిన బిరడా పెట్టలేదని తర్వాత తెలిసింది. పెట్టగానే కుదురుగా నిలబడ్డాయి.

నేను రాసిన సీను ఇది. ముందు అంతా చీకటి. తర్వాత పైకప్పు మూల నుంచి ఒకే ఒక్క తెల్లటి వెలుగు మెల్లగా దిగి, మా గడప ముందు పెట్టిన పశువుల తొట్టి మీద ఆగుతుంది. దిగడానికి ఒక చిన్న ప్రార్థన చెప్పుకునేంత సేపు పడుతుంది. ముఖాల మీదికి ఎక్కడా వెలుగు పోకుండా కిందికే ఉంచాను.

మా దగ్గర నెత్తిన క్యాప్ ల్యాంపు లేకుండా ఎవరూ గడప దాటరు. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు తల వంచి ఆ వెలుగును వాళ్ల పాదాల మీద ఉంచుతాం. ముఖం మీద వేశామంటే చెంప మీద కొట్టినట్టే. బండ కూలి పోయినవాళ్లను బయటికి తెచ్చినప్పుడు, ఎవరో గుర్తుపట్టడానికి మాత్రమే ముఖం మీద దీపం పెడతారు. మాటలు రాని పిల్లలకు కూడా మేము ముందు నేర్పేది ఇదే.

తీతు నా సీను చూసి నవ్వాడు.

“వదినా, ఇట్లయితే జనం నిలబడి నిద్రపోతరు. సాపలు గూడ మనమే పరవాలె.”

“తొట్టిల ప్రభువున్నడు తీతూ. ఆయన ముందు డిస్కో కొట్టాలెనా?”

“ప్రభువుకు ఎండ గొట్టం అక్కర లేదు. అన్నకు కావాలె.”

కమిటీవాళ్లు ప్రతి ఇంటి ముందూ ఒక కన్ను బిగించారు. ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టే చిన్న గాజు గుండీ అది. తీతు దాని వైరు తెచ్చి మా బోర్డుకు కలిపాడు. ఇక నేను రాయాల్సిన పని లేదట. జనం దేన్ని చూస్తున్నారో కన్ను చెబుతుంది, వెలుగు అటు పోతుంది. అదే నేర్చుకుంటుందట.

డిసెంబరు 9

నేర్చుకుంది. తొట్టి చీకట్లో ఉంది. జనం తొట్టిని చూడరు.

మరియమ్మకు గులాబీ రంగు పడుతోంది. గొల్లవాళ్ల మీద చుక్కలు గిరగిర తిరుగుతున్నాయి. అన్నిటికంటే పేరు వచ్చింది గాడిదకు. అట్టముక్కలతో దానియేలు చేసిన గాడిద అది. ఎవరో పిల్లవాడు దాన్ని చూసి నవ్వాడట. ఇంకేముంది, నాలుగు షార్పీలు దాని తోక చుట్టే. తోక వెనక పొగ కూడా వదులుతోంది. దాని అర్థమేమిటో నేను రాయను. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. లోపల మంచం మీద నుంచి దానియేలు కూడా నవ్వాడు, పక్కటెముకలు నొప్పి పెట్టి మూలిగాడు.

నాకు అన్నం సహించలేదు.

డిసెంబరు 12

మా ఎదురిల్లు కనకవ్వది. మూడేళ్ల కింద కొత్త దారి తవ్వుతుంటే పైకప్పు పడి ఆమె కొడుకు మల్లేశం లోపలే ఉండిపోయాడు. బండలు కదిపితే మిగతాదీ కూలుతుందని ఆ దారికి గోడ కట్టేశారు. ఆమె కొడుకు ముఖం చూసుకోలేదు. అందుకని సాయంత్రం షిఫ్టు సైరన్ మోగగానే కంచంలో బువ్వ పెట్టుకుని గడపలోకి వస్తుంది.

“మల్లేశా, బువ్వ తిను రా బిడ్డా.”

ఒక్కసారి పిలుస్తుంది. కాసేపు నిలబడి లోపలికి పోతుంది. ఆ సమయానికి మా వరుసలో అందరం తలలు దించుకుని మా పనుల్లో ఉంటాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలా అలవాటైంది.

ఈ రోజు పై లెవెల్ నుంచి వచ్చినవాళ్లకు ఆ అలవాటు తెలియదు. ఆమె పిలిచింది. వాళ్లు తలలు తిప్పి చూశారు. కన్ను అది పట్టుకుంది. ఎడమవైపు చివరి షార్పీ గాడిదను వదిలి, దారి దాటి, ఆమె పాదాల దగ్గర మొదలుపెట్టింది. మోకాళ్లు. కంచం. మెడ. ముఖం మీద ఆగింది.

తెరిచిన నోరు, పండ్ల సందులు, చెంప మీద పాత కాలిన మచ్చ, అన్నీ కనబడ్డాయి. “ఎవర్రా ఈ ముసల్ది, మస్తు చేస్తుంది” అన్నాడొకడు. చప్పట్లు కొట్టారు.



డిసెంబరు 15

అది ఇప్పుడు ఇంకా నేర్చుకుంది. సైరన్‌కు కాస్త ముందే అన్ని లైట్లూ ఆర్పేస్తోంది, జనం ఊపిరి బిగబట్టాలని. గడపలో ఆమె కనబడగానే నీలం, పిలవగానే తెలుపు. ఈ పని మనిషి చేస్తే వాడి మొహాన ఉమ్మేవాళ్లం. వైరు చేస్తే అబ్బా అంటున్నారు.

పొద్దున కన్ను వైరు ఊడదీశాను. షిఫ్టు నుంచి వచ్చి తీతు చూశాడు.

“వదినా, వైరు ఊడిందా, ఊడదీసినవా?”

“ఊడదీసిన. ఆమె ముఖం మీద లైటు పడుతుంది తీతూ.”

“నేను వేస్తున్ననా? నువ్వు వేస్తున్నవా? జనం యాడ చూస్తే ఆడ పడుతుంది. మనదేం తప్పుంది?”

“మన ఇంటి లైటే గదా.”

“ఐదో లెవెలోళ్ల కంటే మనకే ఎక్కువమంది వస్తున్నరు. ఇప్పుడు ఆపితే అన్న ఈ చీకట్లనే కుళ్లిపోతడు. నీకు అన్న మీద పావురం, ప్రేమ ఏం లేవా?”

పెళ్లయిన నాటి నుంచి ఈ ఇంట్లో నన్ను ఇంత మాట ఎవరూ అనలేదు. అతను వైరు మళ్లీ పెట్టాడు.

డిసెంబరు 16

వైరు ముట్టుకోకుండా ఇంకో పని చేశాను. షార్పీల మెడలకు హద్దు రాశాను. మా గడప దాటి ఏ లైటూ తిరగదు. సైరన్ మోగింది. ఎడమ షార్పీ దారి అంచుదాకా పోయి గొలుసు తగిలిన కుక్కలా ఆగిపోయింది. కనకవ్వ చీకట్లో పిలిచింది. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

అంతలో కంచం పట్టుకుని ఆమే దారి దాటి వచ్చింది. నేరుగా మా తొట్టి దగ్గరికి.

“లైట్లెందుకు ఆగినయ్ రాహేలూ? తవ్వుడు ఆపిండ్రా?”

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. చీకటి దారిలో చాలా దీపాలు కదులుతూ వస్తున్నాయంటే ఇక్కడ ఒకటే అర్థం. బండ కింద ఉన్నవాళ్ల కోసం మనుషులు దిగారని. మూడేళ్లకు తన కొడుకు కోసం దిగారని ఆమె అనుకుంటోంది. వాళ్లకు దారి చూపడానికి వచ్చి పిలుస్తోంది.

“అవి పెళ్లి లైట్లక్కా” అన్నాను.

“నాకు తెల్వదా దీపాలేవో?” అని అక్కడే నిలబడింది. మరియమ్మకూ గాడిదకూ మధ్య. నేను రాసిన హద్దు లోపలే. ఆరు షార్పీలూ ఒక్కసారి మెడలు తిప్పి ఆమెను చూశాయి.

డిసెంబరు 18

పాస్టరుగారు వచ్చారు. సంతోషంగా ఉన్నారు.

“సహోదరీ, మన సంఘం ముందు ఇంతమందిని ఎప్పుడన్న చూసినమా? ఆ తల్లి దుఃఖం చూసి ఒక్క ఆత్మ మారినా మేలే గద.”

“ఆమె ముఖం మీద లైటు పడుతుంది అయ్యగారూ.”

“అదైతే నిజమే. ప్రార్థన చేద్దాం” అన్నారు.

మాట్లాడినంతసేపూ తల వంచి తన క్యాప్ ల్యాంపు వెలుగును నా పాదాల మీదే ఉంచారు. మర్యాద తెలిసిన మనిషి. ఆయన పోయాక, ఆయన తాగిన గ్లాసును ఎందుకో రెండుసార్లు తోమాను.

డిసెంబరు 20

కనకవ్వ గడపకు నా దుప్పటి అడ్డం కట్టాను. దుప్పటి మీద ఆమె నీడ పడింది. పైకప్పు దాకా పెద్ద నీడ, చేతిలో కంచం. జనానికి నీడ ఇంకా నచ్చింది. వెంటనే విప్పేశాను. “పెట్టు, పెట్టు” అని అరిచారు.

ఆమె నిద్రపోవడం లేదు. లైట్లు వెలిగిన ప్రతిసారీ బువ్వ పెట్టుకుని వస్తోంది. ఉన్న బియ్యమంతా వండేసింది. ఈ రోజు నా దగ్గరికి గిన్నె తెచ్చింది. ఇచ్చాను. గిన్నె పట్టుకున్న చేతి గోళ్ల సందుల నిండా సున్నం, రక్తం.

“ఏంటక్కా ఇది?”

“ఆళ్లు అటు దిక్కు నుంచి తవ్వుతున్నరు గద. ఇటు దిక్కు నుంచి నేను కొంచెం తీస్తున్న.”

మూసిన దారి గోడ దగ్గరికి పరుగెత్తాను. ఒక మూల ఇటుకల మధ్య సున్నం మోచేయి పట్టేంత గీకేసి ఉంది. ఆ గోడ వెనక ఉన్నదంతా ఆ గోడ మీదే ఆనుకుని ఉంది. మట్టి పిసికి సందులు పూడ్చి వచ్చాను. రేపు ఇంకోచోట గీకదా?

తీతుకు చెప్పాను. గోడకు కాపలా పెట్టిస్తానన్నాడు. లైట్లు మాత్రం పండుగ దాకా ఆగవన్నాడు. బోర్డుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇక నా పని అద్దాలు తుడవడం, ఈ వివరం రాయడం.

డిసెంబరు 22

కత్తెర తీసుకున్నాను. బోర్డుకు తాళం వేయొచ్చు కానీ కరెంటు వైరుకు వేయలేరు గదా. కత్తెర చూసి మంచం మీద నుంచి దానియేలు పిలిచాడు.

“రాహేలూ, నిన్ను ఎన్నడన్న ఏదన్న అడిగిన్నా?”

అడగలేదు. పెళ్లినాడు చీర కొంగు ముడి వేసిన దగ్గర నుంచి ఈ మనిషి నన్ను మంచినీళ్లు కూడా గట్టిగా అడగలేదు.

“రెండు రోజులు ఓర్చుకో. ఒక్కసారి ఎండల కూసోవాలనుంది. అంతే.”

“ఆమె గోడ గీకుతుంది.”

“తెలుసు.”

“ఆమె ముఖం మీద లైటేసి నవ్వుతున్నరు.”

“తెలుసు రాహేలూ. నాకు వినబడదా?” అని గోడవైపు తిరిగాడు. తెలిసి అడిగాడు. నా మీద, ఆయన మీద, ఈ లైట్లు కనిపెట్టిన వాడెవడో వాడి మీద రోత పుట్టింది. కత్తెర డబ్బాలో పెట్టేశాను.

డిసెంబరు 24

మా దారి నిండా జనం. పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. పల్లీలు నమిలి పొట్టు తొట్టిలోకి ఊస్తున్నారు. సైరన్‌కు ముందు లైట్లన్నీ ఆరిపోయాయి. జనం గుసగుసలు ఆపేశారు.

సైరన్ మోగింది. నీలం వెలుగులో కనకవ్వ. ఆమె నోరు తెరిచేలోపే జనం అందరూ ఒక్క గొంతుతో అరిచారు:

“మల్లేశా! బువ్వ తిను రా బిడ్డా!”

ఆమె సాగదీసినట్టే సాగదీశారు. వాళ్లలో చిన్న పిల్లలున్నారు. మా సంఘం వాళ్లున్నారు. కనకవ్వ నోరు తెరిచి అలాగే నిలబడింది. ఇంతమంది తన కొడుకును పిలుస్తుంటే ఇంక వస్తున్నాడనుకుందో ఏమో, ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూడలేక నేను కదిలాను. ఏం చేయాలని అనుకోలేదు. జనాన్ని తోసుకుని దారి దాటి ఆమె గడప దగ్గరికి పోయాను. తెల్లటి లైటు నా వీపు మీద వేడిగా తగిలింది.

“అక్కా, నాకు ఆకలైతుంది” అన్నాను.

“నిన్నెవరు పిలిచిండ్రు? ఇది మా పోరని బువ్వ.”

“పొద్దటి నుంచి ఏం తినలే.” అది నిజమే. క్రిస్మస్ ముందురోజు రాత్రి ప్రార్థన అయ్యేదాకా నేను ఉపవాసం ఉంటాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “మీ ఇంట్ల వండలేదా?”

“వండలే.”

“గిన్ని లైట్లు పెట్టుకున్నరు గని పొయ్యి ముట్టియ్యరు. కూసో.”

గడపలో కూర్చున్నాను, జనానికి వీపు పెట్టి. ఆమె కూడా నా ఎదురుగా కూలబడింది. అన్నం నిన్నటిదీ మొన్నటిదీ కలిసి ఉంది. పులిసిన వాసన వస్తోంది, మీద పచ్చిపులుసు. ముద్ద నోట్లో పెట్టుకుంటే జిగటగా సాగింది. మింగాను. ఈ నెలలో నాకు సహించిన మొదటి అన్నం అదే.

“ఉల్లిగడ్డ తక్కువైందక్కా.”

“రేషన్‌ల ఉల్లిగడ్డలిస్తున్నరా ఏంది? నోరు మూసుకొని తిను.”

వెనక జనం ముందుకు తోసుకున్నారు.

“ఈమెవరు?”

“ఇంకో ముసల్ది.”

“ఏం చేస్తున్నరు?”

“తింటున్నరు.”

“ఇంకేమైతది?”

“ఏం గాలే. తింటనే ఉన్నరు.”

లైటు ఎర్రగా మారింది. తర్వాత పచ్చగా. టపటప కొట్టుకుంది. పొగ మిషను కూడా తిప్పింది, ఆ పొగ కంచంలోకి వచ్చింది. కనకవ్వ దగ్గి చేత్తో విసురుకుంది. నేను తొందరపడలేదు. ఒక్కో మెతుకూ ఏరి తిన్నాను. పచ్చిమిరపకాయ పక్కన పెట్టాను. ఆమె ఎందుకు పెట్టావని తిట్టింది. కారం ఎక్కువన్నాను. నీకెప్పుడూ కారం పనికిరాదంది. మా మాటల్లో చూడడానికీ వినడానికీ ఏమీ లేదు. ఎవరో ఆవులించారు. “పోదాం పా, గాడిదను చూద్దాం.”

వేడి వీపు మీద నుంచి జారి భుజం మీదికి వచ్చింది. అక్కడి నుంచి పోయింది. ఒక్కో షార్పీ మెడ తిప్పి దారి దాటి వెనక్కి పోతుంటే గోడల మీద కనబడింది. అటువైపు నవ్వులు మొదలయ్యాయి.

గడపలో చీకటి. కంచం అంచు కూడా సరిగా కనబడలేదు.

“రాహేలూ” అంది కనకవ్వ, మెల్లగా. “తవ్వుతలేరు గద?”

“తవ్వుతలేరక్కా.”

“పెళ్లి లైట్లే గద.”

“పెళ్లి లైట్లే.”

ఆమె ఏడవలేదు. తర్వాత నా కంచంలోనే చేయి పెట్టి, ఒక ముద్ద కలిపి, తన నోట్లో పెట్టుకుంది. పులిసిన అన్నానికి మొహం చిట్లించింది.

“ఛీ, పాడైంది. చెప్పొద్దా?”

“ఆకలి మీద తెలువలే.”

డిసెంబరు 27

ఎండ గొట్టం ఇల్లు ఐదో లెవెల్ వాళ్లకు వచ్చింది. వాళ్ల గాడిద పాట పాడుతుందట, మా దగ్గర విసుగొచ్చిన జనం అక్కడికే పోయారట.

తీతు నాతో మాట్లాడకుండా లైట్లు విప్పి గోనెసంచిలో వేశాడు. మా తొట్టి నిండా పల్లీల పొట్టు, ఉమ్ములు. చీపురుతో గీకి కడిగాను. ఇద్దరు పిల్లలు వచ్చి ముసల్ది బయటికి రాదా అని అడిగారు. రాదని చెప్పి పంపించాను.

దానియేలు మూడు రోజులు గోడవైపే తిరిగి పడుకున్నాడు. అలాగే కాళ్లకు నూనె రాశాను. తప్పు నాదని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. ఆయన కాళ్లు చెరుకు పిప్పిలా తేలిగ్గా ఉన్నాయి. ఇంకో ఏడాది ఈ చీకట్లోనే ఉండాలి. ఈ రోజు మధ్యాహ్నం ఇటు తిరిగాడు.

“కనకవ్వ ఏం పెట్టిందన్నవ్ ఆ పొద్దు?”

“పచ్చిపులుసు.”

“బాగుండెనా?”

“పాడైంది.”

“అయినా తిన్నవ్.”

“తిన్న.”

మళ్లీ గోడవైపు తిరగలేదు.

సాయంత్రం సైరన్ మోగింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. దారిలో ఎవరూ లేరు. మా వరుసవాళ్లు తలలు దించుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. కనకవ్వ కొడుకును ఒక్కసారి పిలిచింది. కాసేపు నిలబడింది. లోపలికి పోతుందనుకున్నాను.

“ఓ రాహేలూ” అని పిలిచింది.

నేను దానియేలు వైపు చూశాను. “పో” అన్నాడు. “పిలుస్తుంది గద. నాకో గిన్నెల పట్టుకరా.”

గిన్నె తీసుకుని పోయాను. అన్నం వేడిగా ఉంది.